సమాంతర రేఖలు: ముస్లిం గణితజ్ఞుల ‘ముసాదరా’ చర్చ

రేఖాగణితం నేర్చుకునే ప్రతి విద్యార్థికీ పరిచితమైన లెక్క ఒకటి ఉంది. రెండు సమాంతర రేఖలు గీస్తారు. ఆ రెండింటినీ ఖండిస్తూ ఏటవాలుగా మూడవ రేఖ గీస్తారు. దీనిని తిర్యగ్రేఖ అంటారు. రెండు ఖండన బిందువుల వద్ద నాలుగేసి చొప్పున మొత్తం ఎనిమిది కోణాలు ఏర్పడతాయి. వాటిలో ఒకటి 65 డిగ్రీలని చెప్పి, తక్కిన ఏడింటినీ కనుక్కోమంటారు. విద్యార్థి తడుముకోకుండా జవాబు రాస్తాడు: నాలుగు కోణాలు 65 డిగ్రీలు, నాలుగు కోణాలు 115 డిగ్రీలు.

ఈ చిన్న లెక్కలో నిజానికి రెండు అంచెలున్నాయి. మొదటి బిందువు వద్ద ఉన్న నాలుగు కోణాలను కనుక్కోవడానికి సమాంతర రేఖల ప్రసక్తే అక్కరలేదు. ఒక సరళరేఖపై పక్కపక్కన ఉన్న రెండు కోణాల మొత్తం 180 డిగ్రీలు గనుక 65 పక్కన 115 వస్తుంది. ఎదురెదురు కోణాలు సమానం గనుక తక్కిన రెండూ తెలిసిపోతాయి. కాని అక్కడి నుంచి రెండవ బిందువుకు దాటాలంటే ఒక వంతెన కావాలి. ‘ఏకాంతర కోణాలు సమానం’, ‘తిర్యగ్రేఖకు ఒకే వైపున ఉన్న అంతర కోణాల మొత్తం రెండు లంబకోణాలు’ అనే సూత్రాలే ఆ వంతెన. విద్యార్థి దానిపై నడిచిపోతాడు. ఆ వంతెన దేనిపై నిలిచి ఉందని మాత్రం సాధారణంగా ఎవరూ అడగరు.

క్రీ.శ. 9వ శతాబ్దం నుంచి 13వ శతాబ్దం వరకు అరబీ భాషలో గణితశాస్త్రం రచించిన పండితులు ఈ ప్రశ్నను తరం తర్వాత తరం విడవకుండా అడిగారు. వారు కోరిన జవాబు వారికి లభించలేదు; అది లభించే జవాబు కాదని తేలడానికి 19వ శతాబ్దం రావలసి వచ్చింది. అయినప్పటికీ వారి కృషికి గణితశాస్త్ర చరిత్రలో గౌరవస్థానం దక్కింది. లభించని జవాబు కోసం జరిగిన అన్వేషణకు అంతటి గౌరవం ఎందుకు దక్కిందో పరిశీలించవలసి ఉంది.

యూక్లిడ్ అడిగిన అనుమతి

క్రీ.పూ. 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియా నగరంలో యూక్లిడ్ తన ‘మూలాలు’ అనే గ్రంథాన్ని 13 భాగాలుగా రచించారు. అరబీ గ్రంథాలలో ఈయన పేరు ఉఖ్లీదిస్; గ్రంథం పేరు ‘కితాబుల్ ఉసూల్’. కొన్ని నిర్వచనాలను, ఐదు స్వీకృతాలను, కొన్ని సామాన్య సత్యాలను మొదటే పేర్కొని, తక్కిన సర్వాన్నీ వాటి నుంచే తర్కబద్ధంగా రాబట్టడం ఈ గ్రంథం పద్ధతి. స్వీకృతం అంటే నిరూపణ లేకుండా ఒప్పుకోవలసినదిగా గ్రంథకర్త పాఠకుణ్ణి కోరే విషయం.

మొదటి నాలుగు స్వీకృతాలూ చాలా చిన్నవి. రెండు బిందువులను సరళరేఖతో కలపవచ్చు. ఆ రేఖను పొడిగించవచ్చు. ఏ కేంద్రం నుంచైనా ఎంత వ్యాసార్ధంతోనైనా వృత్తం గీయవచ్చు. లంబకోణాలన్నీ పరస్పరం సమానం. వీటిని కాదనేవారు లేరు. ఐదవది ఇలాంటిది కాదు. ఒక తిర్యగ్రేఖ రెండు సరళరేఖలను ఖండించినప్పుడు ఒక వైపు అంతర కోణాల మొత్తం రెండు లంబకోణాల కంటె తక్కువైతే, ఆ రెండు రేఖలనూ పొడిగించగా అవి ఆ వైపునే ఎక్కడో ఒకచోట కలుస్తాయి అన్నది దాని సారాంశం. ఇది చూడడానికి స్వీకృతంలా కాక, నిరూపించవలసిన సిద్ధాంతంలా ఉంది.

ఇందులోని ఇబ్బంది ఒక ఉదాహరణతో స్పష్టమవుతుంది. ఒక మీటరు ఎడంలో ఉన్న రెండు రేఖలకు అడ్డంగా తిర్యగ్రేఖ ఉందనుకుందాం. ఒక రేఖ వద్ద కోణం సరిగ్గా 90 డిగ్రీలు. రెండవ రేఖ వద్ద 89 డిగ్రీలు. మొత్తం 179. యూక్లిడ్ చెప్పినట్లే ఈ రేఖలు సుమారు 57 మీటర్ల దూరంలో కలుస్తాయి. లోటు ఒక డిగ్రీ కాక, డిగ్రీలో అరవయ్యో వంతు మాత్రమే అయితే కలయిక మూడు కిలోమీటర్లు దాటిన తర్వాత గాని జరగదు. ఆ వంతులో మళ్ళీ అరవయ్యో వంతే లోటైతే రెండు వందల కిలోమీటర్లు దాటిపోవాలి. లోటు తగ్గేకొద్దీ కలయిక స్థానం దూరమవుతూనే పోతుంది. ఏ కాగితంపైనా, ఏ మైదానంలోనూ చూసి తేల్చుకోలేని విషయాన్ని కంటికి కనిపించే సత్యంగా ఎలా ఒప్పుకోవాలి? దగ్గరవుతూ కూడా ఎన్నటికీ కలవని వక్రరేఖలు ఉన్నాయని గ్రీకులకు తెలుసు. సరళరేఖల విషయంలో అలా జరగదనే హామీ ఎక్కడుంది?

యూక్లిడ్‌కు కూడా ఈ స్వీకృతం ఇష్టమైనది కాదేమోనని ఆయన గ్రంథ నిర్మాణాన్ని బట్టి అనిపిస్తుంది. మొదటి భాగంలోని 28 ప్రతిపాదనలను ఆయన దీని సహాయం లేకుండానే నిరూపించారు. ఏకాంతర కోణాలు సమానమైతే రేఖలు కలవవు అన్నది 27వ ప్రతిపాదన. కలుస్తాయనుకుంటే ఒక త్రిభుజం ఏర్పడుతుంది. త్రిభుజంలో బాహ్యకోణం ఎదుటి అంతర కోణం కంటె పెద్దదిగా ఉండాలి. ఇక్కడ రెండూ సమానమని ముందే అనుకున్నాం. కనుక కలయిక అసంభవం. ఇంతవరకు ఐదవ స్వీకృతంతో పనిలేదు. దీని విపర్యయం, అంటే రేఖలు సమాంతరమైతే ఏకాంతర కోణాలు సమానం అన్నది, 29వ ప్రతిపాదన. అక్కడ మాత్రం యూక్లిడ్‌కు గత్యంతరం లేకపోయింది. ఐదవ స్వీకృతం మొదటిసారి అక్కడే ప్రవేశిస్తుంది. విద్యార్థి తన లెక్కలో వాడే వంతెన సరిగ్గా ఈ 29వ ప్రతిపాదనే. త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలన్న సూత్రం కూడా దీనిపైనే ఆధారపడి ఉంది.

గ్రీకు పండితులలో టాలెమీ, క్రీ.శ. 5వ శతాబ్దానికి చెందిన ప్రోక్లస్ మొదలైనవారు ఈ స్వీకృతాన్ని నిరూపించడానికి ప్రయత్నించారు. ఆ ప్రయత్నాలు నిలవలేదు. సమస్య అలాగే అరబీ ప్రపంచానికి సంక్రమించింది.

బగ్దాదుకు చేరిన ప్రశ్న

‘ఉసూల్’ గ్రంథాన్ని హజ్జాజ్ బిన్ యూసుఫ్ బిన్ మతర్ అరబీలోకి రెండుసార్లు అనువదించారు. మొదటి అనువాదం ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో (786–809), రెండవది మామూన్ కాలంలో (813–833) జరిగాయి. ఉమవీ పాలకుల గవర్నరైన హజ్జాజ్ బిన్ యూసుఫ్ వేరు, ఈ అనువాదకుడు వేరు. తర్వాత ఇస్‌హాఖ్ బిన్ హునైన్ మరొక అనువాదం చేయగా, సాబిత్ బిన్ ఖుర్రా దానిని సరిదిద్దారు. వీరిలో ఇస్‌హాఖ్ క్రైస్తవులు. సాబిత్ హర్రాన్ పట్టణపు సాబియీ మతస్థులు. ఖలీఫాల రాజధానిలో పెంపొందిన ఈ విద్య వివిధ మతస్థుల ఉమ్మడి శ్రమ ఫలితమన్న సంగతిని విస్మరించరాదు. ‘ఇస్లామీయ విజ్ఞానం’ అనే పదానికి సరైన అర్థం కూడా అదే: ఇస్లామీయ నాగరికత నీడలో, దాని భాషలో, దాని పోషణలో వికసించిన విజ్ఞానం.

అనువాదకులు స్వీకృతానికి ఎంచుకున్న అరబీ పదం ‘ముసాదరా’. మదరసాలో మంతిఖ్, అంటే తర్కశాస్త్రం, చదివినవారికి ఈ పదం మరొక చోట కూడా ఎదురవుతుంది. ‘ముసాదరా అలల్ మత్లూబ్’ అన్నది తర్కదోషాలలో ఒకటి. ఏ విషయాన్ని నిరూపించాలో ఆ విషయాన్నే మారువేషంలో ఆధారంగా తీసుకోవడం దాని లక్షణం. యూక్లిడ్ కోరిన అనుమతికీ, వాదంలో దొర్లే ఈ దోషానికీ ఒకే పదం అమరింది. ఐదవ స్వీకృతం చరిత్ర అంతా ఈ రెండు అర్థాల మధ్యనే నడిచింది. మొదటి ముసాదరాను తొలగించబోయిన ప్రతివారూ తెలియకుండానే రెండవ ముసాదరాలో పడ్డారు.

మామూన్ ఆస్థానంలోని అబ్బాస్ బిన్ సయీద్ జౌహరీ అరబీలో ఈ నిరూపణకు పూనుకున్న తొలి పండితులలో ఒకరు. సాబిత్ బిన్ ఖుర్రా (మరణం 901) ఈ సమస్యపైనే రెండు ప్రత్యేక గ్రంథాలు రచించారు. వాటిలో ఒకదానిలో ఆయన చలనాన్ని ఆధారంగా తీసుకున్నారు. ఒక ఘనపదార్థం ఎటూ తిరగకుండా ఒకే దిశలో తిన్నగా జరిగితే, దానిలోని ప్రతి బిందువూ ఒక సరళరేఖనే గీస్తుందన్నది ఆయన ఆధారం. వినడానికి ఇది నిస్సందేహంగా ఉంది. కాని ఇందులోనే చిక్కు ఉందని తర్వాతి చరిత్ర తేల్చింది.

ఇబ్నుల్ హైసమ్: కదిలే లంబం

దృష్టిశాస్త్రంలో ‘కితాబుల్ మనాజిర్’ రచయితగా ప్రసిద్ధులైన ఇబ్నుల్ హైసమ్ సుమారు 965లో బస్రాలో జన్మించారు. 1040 ప్రాంతంలో కైరోలో మరణించారు. యూక్లిడ్‌పై ఆయన రెండు గ్రంథాలు రచించారు. ఒకటి ‘షర్హు ముసాదరాతి కితాబి ఉఖ్లీదిస్’. రెండవది ఆ గ్రంథంలోని సందేహాల పరిష్కారానికి ఉద్దేశించినది.

ఎంత పొడిగించినా కలవని రేఖలు సమాంతర రేఖలన్న యూక్లిడ్ నిర్వచనం ఆయనకు సంతృప్తి కలిగించలేదు. ‘ఎంత పొడిగించినా’ అన్నది ఊహకు అందని మాట. అలాంటి రేఖలు అసలు ఉన్నాయని ముందు చూపాలన్నది ఆయన భావం. అందుకు ఆయన ఎంచుకున్న ఉపాయం ఇది. ఒక సరళరేఖపై ఒక లంబాన్ని నిలబెట్టాలి. లంబం అడుగు భాగం ఆ రేఖ వెంట జరుగుతూ పోతుంది. లంబం ఒరగకుండా నిటారుగానే ఉంటుంది. అప్పుడు దాని పైకొన గీసే రేఖ కింది రేఖకు సమాంతర రేఖ అవుతుంది.

దీని తర్వాత ఆయన మూడు లంబకోణాలున్న ఒక చతుర్భుజాన్ని తీసుకున్నారు. నాలుగవ కోణం ఏమై ఉండాలి? అది అల్పకోణమో, అధికకోణమో, లంబకోణమో కావాలి; నాలుగవ అవకాశం లేదు. మొదటి రెండింటినీ ఖండించి, మూడవదే నిలుస్తుందని ఆయన చూపారు. ఆ తీర్పులో దోషం ఉన్నప్పటికీ, సమస్యను ఈ మూడు అవకాశాల రూపంలోకి తెచ్చిన పద్ధతి మాత్రం అమూల్యమైనది. ఏడు శతాబ్దాల తర్వాత యూరపులో ఇదే చతుర్భుజం మళ్ళీ ప్రత్యక్షమైంది.

దోషం ఎక్కడుంది? కదిలే లంబం పైకొన గీసేది సరళరేఖే అవుతుందని ఆయన భావించడంలో ఉంది. ఒక సరళరేఖకు అంతటా సమాన దూరంలో ఉండే రేఖ కూడా సరళరేఖే అన్న మాట వినడానికి సహజంగా ఉన్నప్పటికీ, అది ఐదవ స్వీకృతానికి మరో రూపమే.

ఉమర్ ఖయ్యామ్: అభ్యంతరమూ, ప్రత్యామ్నాయమూ

తెలుగు పాఠకులకు ఉమర్ ఖయ్యామ్ కవిగానే పరిచయం. దువ్వూరి రామిరెడ్డిగారి ‘పానశాల’ ఆ పరిచయాన్ని ఇంటింటికీ చేర్చింది. కాని నైషాపూరులో 1048లో జన్మించి 1131లో మరణించిన ఖయ్యామ్ తన కాలంలో ప్రధానంగా గణితజ్ఞులు, ఖగోళ శాస్త్రజ్ఞులు. సల్జూఖీ సుల్తాను మలిక్ షా ఆహ్వానంపై ఇస్ఫహానులో పనిచేసి, 1079లో అమలులోకి వచ్చిన జలాలీ పంచాంగం రూపకల్పనలో పాల్గొన్నారు. అంతకు రెండేళ్ళ ముందు, హిజ్రీ 470లో (1077), యూక్లిడ్ స్వీకృతాలలోని కఠిన స్థలాల వివరణగా ఒక గ్రంథాన్ని పూర్తి చేశారు. దానిలో మూడు భాగాలున్నాయి. మొదటి భాగం పూర్తిగా సమాంతర రేఖలకు సంబంధించినది; తక్కిన రెండూ నిష్పత్తులను గురించినవి.

సులభమైన విషయాలను సైతం శ్రమపడి నిరూపించిన యూక్లిడ్ ఇంత కఠినమైన దానిని నిరూపించకుండా విడిచిపెట్టడం ఖయ్యామ్‌కు ఆశ్చర్యం కలిగించింది. ఇబ్నుల్ హైసమ్ పరిష్కారాన్ని ఆయన పేరు చెప్పి మరీ తిరస్కరించారు. రేఖ అనేది తలంలో ఉంటుంది, తలం ఘనపదార్థంలో ఉంటుంది. వాటి నుంచి విడివడి రేఖ తనంతట తాను ఎలా కదులుతుంది? అది కదులుతూ నిటారుగానే ఉంటుందనడానికి నిరూపణ ఏది? చలనానికి రేఖాగణితంలో చోటు లేదన్నది ఆయన అభ్యంతరం. దివంగతుడైన మహాపండితునిపై గౌరవం ఆయన విమర్శను మెత్తబరచలేదు.

విమర్శతో ఆయన ఆగలేదు. యూక్లిడ్ 29వ ప్రతిపాదన స్థానంలో ఉంచదగిన ఎనిమిది ప్రతిపాదనలను తానే రచించారు. వాటికి ఆధారమైన ఆకృతి చాలా సరళమైనది. ‘కచ’ అనే రేఖను భూమిగా తీసుకుని, దాని రెండు కొనల వద్ద సమానమైన ఎత్తుగల ‘కట’, ‘చత’ అనే లంబాలను నిలపాలి. పైకొనలు ‘ట’, ‘త’లను కలపాలి. కింది కోణాలు రెండూ లంబకోణాలు. పై కోణాలు ఎంత?

పై కోణాలు రెండూ పరస్పరం సమానమని ఐదవ స్వీకృతం అవసరం లేకుండానే ఖయ్యామ్ నిరూపించారు. కనుక మూడే అవకాశాలు మిగులుతాయి: రెండూ అల్పకోణాలు, రెండూ అధికకోణాలు, లేదా రెండూ లంబకోణాలు. అల్పకోణాలైతే పైరేఖ ‘టత’ భూమి కంటె పొడవైనదవుతుంది; లంబాలు పైకి పోయేకొద్దీ ఒకదానికొకటి దూరమవుతాయి. భూమికి దిగువకు పొడిగించినా అదే జరుగుతుంది. అధికకోణాలైతే ఇందుకు విరుద్ధంగా రెండు వైపులా దగ్గరవుతాయి. ఒకే రేఖపై నిలిచిన రెండు లంబాలు రెండు వైపులా దూరమవడం గాని, రెండు వైపులా దగ్గరవడం గాని అసంగతమని ఆయన తీర్పు. కనుక లంబకోణాలే నిజం. దాని నుంచి ఐదవ స్వీకృతం సిద్ధిస్తుంది.

ఇక్కడ ఒక విశేషం గమనార్హం. తాను దేనిని ఆధారంగా తీసుకుంటున్నదీ ఖయ్యామ్ దాచలేదు. దగ్గరవుతున్న రెండు సరళరేఖలు కలిసి తీరుతాయి. దగ్గరయ్యే దిశలోనే అవి దూరం కావడం అసంభవం అనే సూత్రాన్ని అరిస్టాటిల్ పేరిట ముందుగానే ప్రకటించారు. ఆధునిక దృష్టిలో ఈ సూత్రం కూడా ఐదవ స్వీకృతం బలాన్నే కలిగి ఉంది. అంటే ఆయన స్వీకృతాన్ని తొలగించలేదు. తనకు మరింత స్పష్టంగా తోచిన మరొక స్వీకృతాన్ని దాని స్థానంలో ఉంచారు. కాని ఆ మార్పును బహిరంగంగా చేశారు. పాఠకుడు పరీక్షించడానికి వీలుగా తన పునాదిని బయట పెట్టడం శాస్త్రజ్ఞుని ధర్మం. ఆ ధర్మాన్ని ఖయ్యామ్ నెరవేర్చారు.

నసీరుద్దీన్ తూసీ: ముందువారి పరీక్ష

1201లో తూస్ నగరంలో జన్మించిన నసీరుద్దీన్ తూసీ జీవితం కల్లోల కాలంలో గడిచింది. చాలా ఏళ్ళు ఇస్మాయీలీల కోటలలో ఉన్నారు. 1256లో మంగోలులు ఆ కోటలను పట్టుకున్న తర్వాత హులాగూ కొలువులో చేరి, 1259లో మొదలైన మరాగా నక్షత్రశాలకు అధిపతి అయ్యారు. 1274లో బగ్దాదులో కన్నుమూశారు. యూక్లిడ్ గ్రంథాన్ని సంస్కరించి రాసిన ‘తహ్రీరు ఉసూలి ఉఖ్లీదిస్’ను హిజ్రీ 646లో (1248), అంటే ఆ కోటల జీవితంలోనే, పూర్తి చేశారు.

సమాంతర రేఖల సమస్యకే ఆయన కేటాయించిన గ్రంథం ‘అర్రిసాలతుష్షాఫియా’. సమాంతర రేఖల విషయంలోని సందేహానికి చికిత్స చేసే గ్రంథమని ఆ పేరుకు అర్థం. ఇందులో ఆయన జౌహరీ, ఇబ్నుల్ హైసమ్, ఖయ్యామ్‌ల నిరూపణలను ఒక్కొక్కటిగా తీసుకుని, ముందు వాటిని వారి వాదక్రమంలోనే వివరించి, ఆ తర్వాత వాటి లోపాలను చూపారు. పూర్వపక్షాన్ని ప్రతివాది సైతం ఒప్పుకునేంత న్యాయంగా నిలిపి, అటుపై సమాధానం చెప్పే ఈ సంప్రదాయం ఫిఖ్హ్, కలామ్ గ్రంథాలు చదివినవారికి కొత్త కాదు. అదే క్రమశిక్షణ ఇక్కడ కోణాలకూ, రేఖలకూ వర్తించింది. చివరకు ఖయ్యామ్ చతుర్భుజాన్నే స్వీకరించి తూసీ తనదైన నిరూపణను ఇచ్చారు. అదీ పూర్తిగా నిలవలేదు. ఇతరుల మాటలలోని అంత సూక్ష్మమైన దోషాలను పట్టిన దృష్టికి సైతం తన ఊహలో దాగిన ముసాదరా కనిపించకపోవడాన్ని బట్టి సమస్య ఎంత లోతైనదో గ్రహించవచ్చు.

‘తహ్రీర్’ శతాబ్దాల పాటు పాఠ్యగ్రంథంగా నిలిచింది. 18వ శతాబ్దంలో లక్నోలోని ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ (మరణం 1748) రూపొందించిన దర్సె నిజామీలో దాని మొదటి భాగం చేరింది. అంటే ఐదవ స్వీకృతమూ, 29వ ప్రతిపాదనా భారతదేశపు మదరసా విద్యార్థుల పాఠాలయ్యాయి. అదే శతాబ్దపు తొలి దశాబ్దాలలో జయపుర స్థాపకుడు సవాయి జయసింహుని ఆస్థాన పండితుడు జగన్నాథ సమ్రాట్ ఈ గ్రంథాన్నే ‘రేఖాగణితం’ పేరుతో సంస్కృతీకరించారు. గ్రీకు యూక్లిడ్ అరబీ మార్గాన సంస్కృతానికి చేరిన ఘట్టమిది.

రోము నుంచి ఆక్స్‌ఫర్డుకు

1594లో రోము నగరంలోని మెదీచీ ముద్రణాలయం తూసీ పేరుతో ఒక అరబీ యూక్లిడ్ గ్రంథాన్ని ప్రచురించింది. అది 1248 నాటి ‘తహ్రీర్’ కాదు. తూసీ మరణించిన 24 సంవత్సరాలకు, 1298లో, అది పూర్తయినట్లు రాతప్రతి వల్ల తెలుస్తోంది. ఆయన కుమారుడో, ఆయన పరంపరలోని మరొకరో దానిని రచించి ఉంటారని పరిశోధకుల అభిప్రాయం. అందులోనూ ఐదవ స్వీకృతానికి ఒక నిరూపణ ఉంది.

ఆ నిరూపణను ఎడ్వర్డ్ పోకాక్ లాటిన్‌లోకి అనువదించగా, ఆక్స్‌ఫర్డ్ గణితాచార్యులు జాన్ వాలిస్ 1663లో తన ఉపన్యాసంలో దానిని చర్చించారు. 1693లో అది అచ్చయింది. ఇటలీకి చెందిన సాకేరీ 1733లో ప్రచురించిన గ్రంథంలో ఈ నిరూపణను పరిశీలించి విమర్శించారు. సాకేరీ స్వయంగా ఎంచుకున్న ఆకృతి సమానమైన రెండు లంబాలున్న చతుర్భుజమే. ఆయన పరీక్షించినవి ఆ మూడు అవకాశాలే. యూరపు గ్రంథాలలో చిరకాలం ‘సాకేరీ చతుర్భుజం’గా పేరుపొందిన దానిని చరిత్రకారులు నేడు ‘ఖయ్యామ్–సాకేరీ చతుర్భుజం’ అని కూడా వ్యవహరిస్తున్నారు. ఖయ్యామ్ రచనను సాకేరీ చూశారనడానికి మాత్రం ఆధారం లేదు. 1766లో లాంబర్ట్ రాసిన గ్రంథంలో మూడు లంబకోణాల చతుర్భుజం, అంటే ఇబ్నుల్ హైసమ్ ఆకృతి, తిరిగి కనిపిస్తుంది.

తర్వాత కథ వేగంగా ముగిసింది. అల్పకోణ పక్షంలో వైరుధ్యం కోసం వెతకడం మాని, దానినే ఒక కొత్త రేఖాగణితంగా నిర్మించవచ్చునని 1829లో రష్యాకు చెందిన లొబచేవ్‌స్కీ, 1832లో హంగరీకి చెందిన బొల్యాయ్ ప్రకటించారు. ఆ కొత్త గణితంలో అంతర్వైరుధ్యం ఉంటే యూక్లిడ్ గణితంలోనూ ఉండి తీరాలని 1868లో బెల్ట్రామీ ప్రదర్శించిన నమూనాల వల్ల స్పష్టమైంది. దీని ఫలితం ఏమిటంటే, తక్కిన నాలుగు స్వీకృతాల నుంచి ఐదవ దానిని నిరూపించడం ఎవరికీ సాధ్యం కాదు. యూక్లిడ్ దానిని స్వీకృతంగానే ఉంచడం పొరపాటు కాదు. అదే సరైన పని.

వారసత్వాన్ని ఎలా చెప్పుకోవాలి?

ఈ చరిత్రను చెప్పడంలో రెండు అతిశయోక్తులు కనిపిస్తూ ఉంటాయి. అరబ్బులు గ్రీకు గ్రంథాలను భద్రపరచి యూరపుకు అప్పగించిన గిడ్డంగి కాపలాదారులు మాత్రమేనన్నది మొదటిది. పైన వివరించిన చర్చ ఈ వాదాన్ని పూర్తిగా కాదంటుంది. కాపలాదారు తనకు అప్పగించిన మూట విప్పి, లోపలి సరకును నాలుగు శతాబ్దాలకు పైగా పరీక్షించడు.

రెండవ అతిశయోక్తి ముస్లిం సమాజంలోనే వినిపిస్తుంది. కొత్త రేఖాగణితాన్ని ఖయ్యామో, తూసీయో ముందే కనిపెట్టేశారని, యూరపువారు దానిని అపహరించారని కొందరు ఉత్సాహంతో అంటారు. ఇది నిజం కాదు. అల్పకోణ పక్షం వద్దకు ఖయ్యామ్ వచ్చారు. దాని పర్యవసానాలను కొంతవరకు సరిగ్గానే లెక్కించారు. కాని అది అసంభవమని తలుపు మూసి వెనుదిరిగారు. ఆ తలుపు వెనుకనే కొత్త గణితం ఉంది. ఒకే రేఖపై నిలిచిన రెండు లంబాలు రెండు వైపులా దూరమవడం ఆయనకు అసంగతంగా తోచింది. లొబచేవ్‌స్కీ గణితంలో అదే సహజ ధర్మం. సాకేరీ కూడా అదే తలుపు వద్ద ఆగిపోయారు. ఈ సంగతి ఒప్పుకోవడం వల్ల ఖయ్యామ్ గౌరవం తగ్గదు. చేయని పనిని ఆయనకు అంటగట్టడం వల్ల చేసిన పనిని చూపడమే కష్టమవుతుంది. హదీసు విద్యలో సనద్‌ను పరీక్షించకుండా ఉల్లేఖనాన్ని స్వీకరించని సమాజం, తన విజ్ఞాన చరిత్ర విషయంలో అంతకంటె తక్కువ జాగ్రత్త పాటించడం సమంజసం కాదు.

వారు నిజంగా చేసినది ఏమిటి? అందరూ వాడే సూత్రానికి ఆధారం అడిగారు. గురువుల జవాబులను గౌరవంతో చదివి, నిర్మొహమాటంగా విమర్శించారు. ఎటూ తేలని ప్రశ్నను మూడే అవకాశాలున్న స్పష్టమైన ప్రశ్నగా మార్చారు. చివరి జవాబు దొరికినది ఆ మూడింటిలో ఒకదాని లోపలే. ప్రశ్నను సరిగ్గా అమర్చడం కూడా విజ్ఞానంలో ఒక విజయమే.

ఈ వాదోపవాదాల మూలాన్ని చూడదలచినవారికి దానిని హైదరాబాదు నగరమే అచ్చువేసి ఇచ్చింది. 1888లో అక్కడ నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ రాతప్రతులలో ఉండిపోయిన ఎన్నో అరబీ గ్రంథాలను వెలుగులోకి తెచ్చింది. హిజ్రీ 1359లో (1940) అది వెలువరించిన తూసీ గ్రంథావళి సంపుటంలో ‘అర్రిసాలతుష్షాఫియా’ కూడా చేరి ఉంది. ఈ విషయంపై పనిచేసిన ప్రపంచ పరిశోధకులు హైదరాబాదు ముద్రణనే ఉదహరిస్తూ వచ్చారు. తెలుగు నేలపై అచ్చయిన ఈ గ్రంథం గురించి తెలుగులో చదువుకున్న ముస్లిం యువకులలో తెలిసినవారు కొద్దిమందే కావడం విచారకరం.

పాఠశాల విద్యార్థి లెక్కకు మళ్ళీ వస్తే, అతడు రెండవ బిందువు వద్ద రాసిన 65 డిగ్రీలు సరైన జవాబే. కాని ఆ జవాబు యూక్లిడ్ అడిగిన అనుమతిని మంజూరు చేసిన తర్వాతనే సరైనది. ఆ అనుమతి ఇవ్వకపోతే, రేఖలు కలవవని తెలిసినంత మాత్రాన ఒక కోణాన్ని బట్టి రెండవ బిందువు వద్ద కోణాన్ని నిర్ణయించడం సాధ్యం కాదు. లెక్కకు ఒకే జవాబు ఉండదు. ఉపాధ్యాయుడు బోర్డుపై ఆ రెండు రేఖలు గీసినప్పుడు ఈ ఒక్క మాట కూడా చెప్పగలిగితే, బస్రా, నైషాపూర్, తూస్ నగరాల పండితులు అడిగిన ప్రశ్న ఆ తరగతి గదిలో మళ్ళీ వినిపిస్తుంది.